జాతరనాటి కోరం

సారంగపాణి సారు పాఠం చెబుతుంటే ఫ్యాను కూడా భయపడి మెల్లగా తిరుగుతుందని హన్మకొండ సహకార శిక్షణ కేంద్రంలో ఒక మాట ఉండేది. ఫ్యాను మెల్లగా తిరగడం నిజమే. అది కరెంటు తప్పు, ఆయన తప్పు కాదు. కానీ ఆ మాట ఊరికే పుట్టలేదు. సహకార చట్టంలో ఏ సెక్షను ఏ పేజీలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి ఆయన. చెప్పడంతో ఆగితే బాగానే ఉండేది. ఎదుటివాడు చెప్పలేకపోతే వాడి ఏడు తరాలనూ తలుచుకునేవారు.

ఊళ్ళలో రైతులకు అప్పులూ ఎరువులూ ఇచ్చే సహకార సంఘాలు రూలు ప్రకారం నడుస్తున్నాయా, గాలివాటంగా నడుస్తున్నాయా అని చూసే జూనియర్ ఇన్‌స్పెక్టర్లను తయారు చేయడం ఆ కేంద్రం పని. 1982 వేసవిలో ఆ క్లాసు నిండా మీసాలే. మీసాల మధ్య ఒక్కతే ఆడమనిషి, దీనమ్మ. మిషన్ దవాఖానాలో కాంపౌండరుగా చేసి రిటైరైన ఇమ్మానుయేలు కూతురు. పైగా ఆ బెంచీ మీద ఆమె కూర్చోవడం అది రెండోసారి.

మొదటిసారి తప్పింది ప్రాక్టికల్లో. ప్రాక్టికల్ అంటే ఒక ఊరి సంఘాన్ని తనిఖీ చేసి రిపోర్టు రాసుకొచ్చి, క్లాసు ముందు నిలబడి అడిగినవాటికి జవాబు చెప్పుకోవడం. అప్పుడు ఆమె వెళ్ళిన సంఘం సెక్రటరీ మాటల్లో తేనె కలిపే రకం. చెల్లె అన్నాడు, చాయ్ పోశాడు, గోదాము తలుపు తీసి ముందు వరుసలో ఎరువు బస్తాలు చూపించాడు. దీనమ్మ 'అంతా సవ్యం' అని రాసేసింది. వెనక వరుస బస్తాల్లో ఊక ఉందని తర్వాత వెళ్ళిన ఇన్‌స్పెక్టరు కనిపెట్టాడు.

"అమ్మా దీనమ్మా, నీకు నమ్మే జబ్బుంది," అన్నారు సారంగపాణి సారు అందరి ముందూ. "మన నౌకరీకి అది క్షయ కంటే చెడ్డది."

ఆ మాట మీద ఆమె ఎంత ఏడ్చిందో ఇంట్లోవాళ్ళకు తెలుసు. ఈసారి కూడా తప్పితే ఉద్యోగం ఊడుతుందని ఆర్డరులోనే ఉంది. ఇమ్మానుయేలు ఇంట్లో సర్కారు జీతం తెచ్చిన మొదటి మనిషి ఆమే. అందుకని ఈసారి తనిఖీకి పెద్దకుంటపల్లి పేరు ఇచ్చినప్పుడు, నా కన్నతండ్రి వచ్చి చెప్పినా నమ్మను అని ఒట్టు పెట్టుకుంది.

"ఎవ్వరి మాటా నమ్మకు," అని సారు మళ్ళీ గుర్తు చేశారు. "నీ కండ్లను గూడ సగమే నమ్ము."

వరంగల్లో ప్యాసింజరు ఎక్కి, నెక్కొండలో దిగి, అక్కడి నుంచి ఎడ్లబండి మీద పోతే పెద్దకుంటపల్లి. ఆ ఊళ్ళో క్రైస్తవుల ఇళ్ళు నాలుగే. అందులో సుందర్ రావు అనే రైతు ఇంట్లో ఆమెకు బస. ఆయనకు రెండెకరాల మెట్ట చెలక, సంఘంలో సభ్యత్వం, ఎవరినీ నొప్పించని మాట ఉన్నాయి. ఆదివారం ప్రార్థన ఆయన వసారాలోనే జరుగుతుంది.

సంఘం సెక్రటరీ గట్టయ్య. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ దాకా ధోవతి. ఆ సంఘాన్ని ఇల్లిల్లూ తిరిగి పుట్టించినవాడు.

"మేడం, ఎండల పడొచ్చిండ్రు. జర చాయ్ తాగుండ్రి," అన్నాడు.

"వద్దండీ," అంది దీనమ్మ. చాయ్ తాగితే నమ్మాల్సి వస్తుందని ఆమె భయం.

గోదాములో నేరుగా వెనక వరుసకు పోయి బస్తాల్లోకి బొంగు దింపి చూసింది. యూరియా యూరియాలాగే ఉంది. గట్టయ్య పక్కన నిలబడి, "ముందటి వరుసల గూడ గుచ్చుండ్రి మేడం, అవి అలుగుతయి," అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది గానీ మింగేసింది.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఏడాదికోసారి సభ్యులందరితో జరపాల్సిన సర్వసభ్య సమావేశం కూడా జరిగింది. ఆ మీటింగుకు ఇంతమంది తప్పక రావాలని లెక్క ఉంటుంది, దాన్నే కోరం అంటారు. కోరం లేని సంఘానికి కొత్త అప్పులు రావు, ముదిరితే సంఘమే రద్దు. పెద్దకుంటపల్లిలో మాఘ పున్నమి ముందటి శుక్రవారం నాడు, పొద్దున పదకొండింటికి, సంఘం బిల్డింగులో, కోరానికి మించి జనంతో మీటింగు జరిగినట్టు హాజరు పుస్తకంలో రాసి ఉంది. వేలిముద్రలు పేజీల నిండా ఉన్నాయి.

ఆ సాయంత్రం అన్నం తింటూ ఆ మాటే అంది. "మీ సంఘం మంచిగున్నదన్నా. మీటింగుకు ఊరంతా వచ్చిండ్రు గద."

సుందర్ రావు ముద్ద నోటి దాకా తెచ్చి ఆపాడు. "ఏ మీటింగమ్మా?"

"మాఘ పున్నమి ముందటి శుక్రవారం జరిగింది."

"ఆ దినం ఊళ్ళె కుక్క గూడ లేదు. మేడారం జాతర. బండ్లు గట్టుకొని ఊరికి ఊరే పోయింది. మేం నాలుగిండ్లోళ్ళమే మిగిలినం." ఆయన నెమ్మదిగా చెప్పాడు. "నోటీసుల రాసిండ్రని నేను పదకొండింటికి పోయిన. తాళమేసి ఉన్నది."

దీనమ్మ గుండె ఎగిరి గంతేసింది. దొరికాడు. చాయ్ అట, బస్తాలు అలుగుతాయట. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే లోకానికి కనబడదా? జరగని మీటింగుకు ఇన్ని వేలిముద్రలు వేయించినవాడు ఇంకెన్ని చేశాడో. సారంగపాణి సారు ముఖం ఎలా వెలుగుతుందో కూడా ఊహించేసుకుంది. పాపం, ఆమెను ఏమనడానికి లేదు. ఒకసారి పాలతో నోరు కాల్చుకున్నవాళ్ళు మజ్జిగ కూడా ఊదుకు తాగుతారు.

మర్నాడు పొద్దున్నే గట్టయ్యను నిలదీద్దామని బయల్దేరింది. దారిలో మిరప కళ్ళం దగ్గర కాయలు ఏరుతున్న ఒక ముసలావిడ కేకేసింది. పేరు మొగిలమ్మ, సంఘంలో సభ్యురాలే.

"ఓ బిడ్డా, సంఘం చూడొచ్చిన సర్కారు పిల్లవు నువ్వేనా?"

దీనమ్మ మెల్లగా వల వేసింది. "అవునవ్వా. మొన్న మాఘమాసంల మీటింగుకు నువ్వు పోయినవా?"

"పోకేంది? నేను లేశి మాట్లాడితి గద."

"ఏడ? సంఘం బిల్డింగులనా?"

"బిల్డింగుల ఏడిది బిడ్డా? మేడారంల. సమ్మక్క తల్లి గద్దెకెక్కిన తెల్లారి, మా బండ్లు ఇడిశినకాడ. అందరం నీడకు కూసున్నం. గట్టయ్య సదివిండు, మేం ఇన్నం."

క్రైస్తవుల ఇంట పుట్టిన దీనమ్మ మేడారం ఎన్నడూ చూడలేదు. రెండేళ్ళకోసారి వచ్చే ఆ జాతరకు ఊరు మొత్తం తరలిపోయి, అడవిలో బండ్ల కింద మళ్ళీ ఊరిలాగే ఉంటుందని ఆమెకు తట్టనే లేదు. ముసలమ్మ కళ్ళల్లో ఏ కల్మషమూ కనబడలేదు. నమ్మేయబోయింది. అంతలో జబ్బు గుర్తొచ్చి ఆగింది. సెక్రటరీ ముందే నేర్పి పెట్టి ఉంటే?

అప్పుడు ఆమెకు ఒక ఉపాయం తట్టింది. ఏ పుస్తకంలోనూ లేనిది. మీటింగు జరిగిందా అని ఎవరినీ అడగలేదు. కమ్మరి కొలిమి దగ్గర, బావి దగ్గర, చెలకల్లో, ఒకరు చెప్పేది ఇంకొకరికి వినబడనిచోట ఒక్కటే అడిగింది: "మేడారంల మీటింగు నాడు కోపం ఎవరికొచ్చింది?"

అడగడమే ఆలస్యం. వరి పొట్టకొచ్చినంక యూరియా తెచ్చినవు, నా నెత్తిమీద పోసుకోవాల్నా అని మొగిలమ్మ గట్టయ్యను కడిగేసిందట. కమ్మరి రాజమల్లు, ఆమె కొబ్బరి చిప్ప విసిరిందన్నాడు. బావి దగ్గరి ఆడవాళ్ళు, చిప్ప కాదు బెల్లం గడ్డ, అమ్మవారికి బంగారమని మొక్కే బెల్లాన్ని ఎవరన్నా విసురుతారా అని మేం తిట్టినం అన్నారు. గొర్లకాపరి సారయ్య, ఏమీ విసరలేదు గానీ గట్టయ్య పెండ్లామే ఎక్కువ నవ్విందన్నాడు. వచ్చే పంట కారుకు ఎరువు ముందే తెస్తానని గట్టయ్య అందరి ముందూ ఒప్పుకున్నాడని మాత్రం అందరూ అన్నారు. ఊళ్ళో అయితే మగవాళ్ళ ముందు మీటింగులో నోరెత్తని ఆడవాళ్ళు జాతరలో పక్కపక్కనే కూర్చుని గట్టిగా మాట్లాడారు. నేర్పించిన మాటైతే అందరూ ఒకేలా చెప్పేవారు. కళ్ళతో చూసినవాళ్ళు కాబట్టే తలా ఒక రకంగా చెబుతున్నారని ఆమెకు అర్థమైంది.

ఇక గట్టయ్య దగ్గరికి పోయి నేరుగా అడిగింది.

"ఇది మూడో నోటీసు బిడ్డా," అన్నాడు. మేడం ఎప్పుడు పోయిందో, బిడ్డ ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ గమనించలేదు. "రెండుసార్లు పిలిస్తే కోరం కాలే. ఒకడు కేసముద్రం మార్కెట్ల ఉంటడు, ఒకడు నాగలికాడ ఉంటడు. ఊరంతా ఒక్కకాడ ఉండేది జాతరకే. ఇగ పుస్తకం సంకల పెట్టుకొని పోయిన."

"మరి బిల్డింగులని ఎందుకు రాసిండ్రు?"

"నోటీసుల ఎప్పటి లెక్కనే బిల్డింగని ఉండె. మేడారంల పెట్టినమని రాస్తే ఆఫీసోళ్ళు ఒప్పుతరా? ఊరంతా ఆడనే ఉన్నది, ఎవలకేం నష్టం అనుకున్న."

"ఊరంతానా? జాతరకు పోనోళ్ళు?"

"పోనోళ్ళెవరున్నరు..." అని గట్టయ్య ఆగిపోయాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "సుందర్ రావు. అరె, యాది మరిశిన బిడ్డా. దేవుని తోడు, యాదికే రాలే."

ఆ మాట దీనమ్మకు గుచ్చుకుంది. పగబట్టి వదిలేసి ఉంటే కోపమన్నా తెచ్చుకునేది. ఊరంతా అని లెక్కపెట్టుకునేటప్పుడు ఆ నాలుగిళ్ళు గట్టయ్యలాంటి మంచి మనిషి లెక్కలోకి కూడా రాలేదే అని ఆమెకు బాధేసింది.

"ఇది రాయకు," అన్నాడు గట్టయ్య. "వానలు పడే యాళ్ళకు అప్పు ఆగుతది. సంఘం పోతది. జర కడుపుల పెట్టుకో."

"చూసింది చూసినట్టు రాస్త కాకా. ఎక్కువ రాయ, తక్కువ రాయ."

విచిత్రమేమంటే, సుందర్ రావు కూడా అదే అడిగాడు. "నా పేరు తియ్యకమ్మా. నాలుగిండ్లోళ్ళం, ఊళ్ళె బతకాల్నాయె." ఆయనకూ ఆమె ఒప్పుకోలేదు. మర్నాడు స్టేషనుకు దిగబెట్టడానికి గట్టయ్య బండి రాలేదు. ఆమె నెత్తిన కొంగు కప్పుకుని ఎండలో నెక్కొండ దాకా నడిచింది.

రైలులో కూర్చుని ఆలోచించింది. మోసం దొరికిందని రాస్తే సారు శెభాష్ అంటారు, పాసవుతుంది, ఊరు మునుగుతుంది. అంతా సవ్యమని రాస్తే అది అబద్ధం. జరిగింది జరిగినట్టు రాస్తే సారు మళ్ళీ జబ్బే అంటారు, ఉద్యోగం పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఆమెకు పక్కన కూడా ఒకటి ఉంది. తలనొప్పితో ఇంటికి పోయి, జరిగింది జరిగినట్టే రాసింది.

క్లాసులో ఆ రోజు డిపార్టుమెంటు నుంచి ఒక పెద్ద ఆఫీసరు కూడా వచ్చి కూర్చున్నారు. దీనమ్మ చదవడం పూర్తయ్యేసరికి వెనక బెంచీలు గుసగుసలాడాయి. సారంగపాణి సారు కళ్ళద్దాలు తీశారు.

"మీటింగు అయిందా, కాలేదా? ఒక్క ముక్కల చెప్పు."

"అయింది సార్. కానీ చెల్లదు."

"ఎందుకు చెల్లదు?"

"నోటీసుల రాసిన చోటికి, రాసిన టయానికి వచ్చిన సభ్యునికి తాళం కనబడ్డది సార్."

"అంటే మోసమే గద. మోసమని ఎందుకు రాయలే? మళ్ళ నమ్మినవా?"

"నమ్మలేదు సార్. అడిగిన." ఎవరిని ఎక్కడ ఏమడిగిందో, కొబ్బరి చిప్ప దగ్గర్నుంచి బెల్లం గడ్డ దాకా చెప్పింది. క్లాసు నవ్వింది. పెద్ద ఆఫీసరు కూడా నవ్వారు. సారు నవ్వలేదు.

"చోటు అబద్ధం రాసిండు, దానికి ఆయనకు తాకీదు ఇయ్యాలె సార్. సంఘాన్ని రద్దు చేసుడు న్యాయం కాదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? మళ్ళ నోటీసిచ్చి, సంఘం బిల్డింగుల మీటింగు పెట్టిస్తే సరిపోతది."

ఆఫీసరు ఒప్పుకున్నారు. వానల ముందే సమావేశం, కోరం వస్తే అప్పులు, రాకపోతే సంఘం రద్దు. సారంగపాణి సారు దీనమ్మ మార్కుల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఆ మీటింగుకు నువ్వే పరిశీలకురాలివి. నేను గూడ వస్త. నువ్వు చెప్పిన జనం నిజంగ ఉంటే ఆ దినం కనబడ్తరు. నీ రిజల్టు ఆడనే చెప్త."

మీటింగు రోజు రానే వచ్చింది. సంఘం గదిలో జంపఖానా పరిచి ఉంది. పదకొండయింది. జంపఖానా మీద సుందర్ రావు ఒక్కడే, గోడవారన కూర్చున్నాడు. సారు గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. గట్టయ్య దీనమ్మ వైపు చూడను కూడా చూడలేదు. తిట్టి ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది. నా ఉద్యోగం పోతే పోనీ, ఈ మనిషి కట్టిన సంఘం నా చేతుల మీదుగా పోతుందా దేవా అని కళ్ళు మూసుకుంది.

అంతలో వీధిలో మొగిలమ్మ గొంతు వినబడింది. "నాగలి ఏడికి పోదురా, కొడుకా. నడువు. మీటింగు అయిందని ఆ పిల్లకు మనమే చెప్తిమి. ఇయ్యాల పోకుంటే మనమంత అబద్ధాలోళ్ళమైతం." కమ్మరి రాజమల్లు మసి చేతులతోనే వచ్చాడు. బావి దగ్గరి ఆడవాళ్ళు గుంపుగా వచ్చి, గుమ్మంలో ఒక్క క్షణం తటపటాయించి, లోపలికే వచ్చి కూర్చున్నారు. గొర్లను ఎవరికో అప్పజెప్పి సారయ్య వచ్చాడు. జంపఖానా నిండింది. తర్వాత నేల నిండింది. కిటికీల బయట కూడా నిలబడ్డారు.

సారంగపాణి సారు జేబులోంచి కాగితం తీసి సంతకం పెట్టి దీనమ్మ చేతిలో పెట్టారు. "కోరం కలిసింది. నువ్వు పాసైనవమ్మా," అన్నారు. తర్వాత కొంచెం ఇబ్బందిగా, "నమ్మే జబ్బు అంటి గద. ఆ మాట నేను ఎనుకకు తీసుకుంటున్న," అన్నారు. దీనమ్మకు కళ్ళు మసకబారాయి. కొంగుతో తుడుచుకుంది.

గట్టయ్య లేచి నిలబడ్డాడు. చేతులు జోడించాడు.

"ముందుగాల ఒక మాట చెప్పాలె. మాఘమాసంల మీటింగు మనం మేడారంల పెట్టుకున్నం. నేను ఈడ పెట్టినట్టు రాసిన. తప్పు రాసిన."

గది గొల్లుమంది. "గది మాకెర్క లేదా గట్టన్నా," అన్నాడు రాజమల్లు. "మేమంత ఆడనే ఉంటిమి గద."

"నేను లేను," అన్నాడు సుందర్ రావు.

గట్టిగా అనలేదు. అయినా నవ్వు ఆగిపోయింది. ఊళ్ళో బతకాలి, నా పేరు తీయొద్దని బతిమాలిన మనిషి లేచి నిలబడ్డాడు.

"నేను ఈడ్నే ఉన్న. ఆ మెట్ల మీద. ఎవలన్న వస్తరేమోనని పొద్దు నెత్తిమీదికొచ్చే దాక కూసున్న. మీరంత తిరిగొచ్చినంక ఒక్కలన్న అడుగుతరేమో, సుందర్ రావు, నువ్వు రాకుంటివేంది అని... అదొక్కటే చూసిన. ఎవ్వలడగలే."

మొగిలమ్మ తలవంచుకుంది. సారంగపాణి సారు నేల చూపులు చూశారు. దీనమ్మ తన రిపోర్టులో 'ఒక సభ్యునికి తాళం కనబడినది' అని ఒక్క వరుసలో రాసింది. ఆ వరుస వెనక ఇంత ఎండ ఉందని, ఇంతసేపు ఉందని ఆమెకూ తెలియలేదు.

గట్టయ్య బల్ల ఇవతలికి వచ్చాడు. సుందర్ రావు చెయ్యి పట్టుకుని గోడవార నుంచి తీసుకొచ్చి మధ్యలో, తన బల్లకు ఎదురుగా కూర్చోబెట్టాడు. అక్కడున్నవాళ్ళు జరిగి చోటిచ్చారు. హాజరు పుస్తకం ఆయన ముందే పెట్టాడు.

"పేజీ ఇంక ఖాళీగనే ఉన్నది. ముందు నీ దస్కతు పెట్టు తమ్మీ," అన్నాడు. "నువ్వు పెట్టినంకనే మేమంత పెడ్తం."

సుందర్ రావు పెన్ను తీసుకుని, తొందరపడకుండా, పూర్తి పేరు రాశాడు.